చెట్టు కొట్టని ఊరికి నిధులెందుకు?

మా చినమొగ పంచాయతీ పెట్టుకున్న దరఖాస్తును తిప్పి పంపుతూ జిల్లా ఆఫీసువారు కారణం ఒక్కటే రాశారు. మా ఊళ్ళో తగ్గించదగినంత చెడ్డపని ఏదీ జరగడం లేదట.

నేను ఆ ఊరి పంచాయతీ సెక్రటరీని. ప్రభుత్వం వారి ఉత్తరాలంటే నాకు గౌరవం ఎక్కువ. రూలు అర్థం కాకపోతే లోపం నా బుర్రలోనే ఉందనుకుని రెండోసారి చదువుతాను. ఈ ఉత్తరాన్ని మాత్రం చదివినకొద్దీ మా ఊరి మీదే అనుమానం పుట్టింది. తాతల కాలం నుంచీ చుట్టూ అంత అడవిని పెట్టుకుని, ఒక్క చెట్టయినా కొట్టకుండా వీళ్ళు ఏం చేస్తున్నట్టు?

సంగతి మొదటినుంచీ చెబుతాను. గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవి మధ్యలో ఉంటుంది మా ఊరు. మడ చెట్లు ఉప్పునీటి బురదలో బతుకుతాయి. వాటి వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. పోటుకి సముద్రపు నీరు ఒక పాయగుండా అడవి లోపలికి వెళుతుంది, పాటుకి వెనక్కి వస్తుంది. ఆ రాకపోకల మీద అడవి, అడవి మీద మండపీతలు, పీతల మీద మా ఊరు బతుకుతున్నాయి. కిందటేడు వరదకి పాయ సముద్రంలో కలిసే మొగలో పెద్ద ఇసుక మేట పడింది. పోటు నీరు అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. లోపలి మడ పసుపుపచ్చగా తిరిగింది, పీతలు పలచబడ్డాయి. పాయలో ఒండ్రు పేరుకుంటే ఊరంతా పారలు పట్టుకెళ్ళి తీసుకోవడం మా వాళ్ళకి అలవాటే. ఈ మేట మాత్రం పారలకి లొంగలేదు. పొక్లెయిన్ కావాలి. ఎండలు ముదిరేలోగా నీరు లోపలికి వెళ్ళకపోతే, ఉప్పు పేరుకుని అడవి నిలువునా మాడిపోతుంది.

పీతలు పట్టే ఆడవాళ్ళ సంఘానికి సంగాడి నూకరత్నం అధ్యక్షురాలు. గొంతు గట్టిది, నడక వేగం, ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా ఆగే ఓపిక తక్కువ. ఒకరోజు పకోడీలు చుట్టిన పేపరు ముక్క పట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వచ్చింది. భూమిని వేడెక్కించే వాయువుల్ని తగ్గించడానికి, అడవుల్ని, నేలల్ని, నీళ్ళని కాపాడే పనులకి ప్రభుత్వం 'వాతావరణ ఉపశమన నిధి' పెట్టిందని అందులో ఉంది. నూనె మరకల కింద మిగతాది కనిపించలేదు.

"సెక్రెట్రీ గారండీ, అడివిని కాపాడినోళ్ళకి సొమ్ములిత్తారంట. మనకంటే కాపాడినోళ్ళు ఈ జిల్లాలో ఎవరున్నారండీ? పెట్టండి దరకాస్తు. పాయ తవ్వించేసుకుందాం."

నాకూ సబబుగానే తోచింది. కాపాడినవాళ్ళకి ఇస్తారని మేమిద్దరం పొరబడ్డాం.

దరఖాస్తు తిరిగొచ్చాక ఇద్దరం కలిసి జిల్లా కేంద్రానికి వెళ్ళాం. ఉపశమన విభాగం డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు మర్యాదస్తులు. భూమి వేడెక్కిపోతోందని హెచ్చరించే పెద్ద పటం కింద, ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చున్నారు. మమ్మల్ని కూర్చోమన్నారు, టీ తెప్పించారు, ఆ తరవాత మా అజ్ఞానాన్ని ఓపిగ్గా తొలగించారు.

"చూడమ్మా. నిధి యొక్క పరమోద్దేశం ఉద్గారముల తగ్గింపు. తగ్గింపు అనగానేమి? ఉన్నదానిలోనుండి కొంత తీసివేయుట. మీ గ్రామమందు ఉద్గారమే లేనప్పుడు మేము దేనిలోనుండి దేనిని తీసివేయవలెను?"

"మావు అడివి కొట్టలేదు కదండీ బాబుగారూ," అంది నూకరత్నం.

"అదియే మీ దరఖాస్తులోని ప్రధాన లోపం," అన్నారాయన జాలిగా.

పక్క ఊరు కొత్తరేవుని ఉదాహరణగా చూపించారు. కొత్తరేవు వాళ్ళు రొయ్యల చెరువుల కోసం సగం మడ కొట్టేశారు. మిగతా సగం కొట్టబోమని మాటిచ్చారు. నిధి నుంచి మొదటి వాయిదా అందుకున్నారు. వాళ్ళ సర్పంచికి 'ఆదర్శ ఉపశమనకారుడు' అని శాలువా కప్పారు. ఫొటో గోడమీదే ఉంది.

"వారు మానుకొనిరి. మీరు మానుకొనుటకు మీ వద్ద ఏమున్నది?"

"మావు మొదట్నించీ మానుకునే ఉన్నావండి."

"మొదటినుండీ మానుకొనియుండుట మానుకొనుట క్రిందకు రాదమ్మా. దానిని మేము యథాస్థితి అందుము. యథాస్థితికి పద్దు లేదు."

నూకరత్నం టీ గ్లాసు బల్లమీద పెట్టేసింది. ఆ చప్పుడు విని కాబోలు, పరాంకుశం గారు కొంచెం ముందుకి వంగి గొంతు తగ్గించారు. మార్గదర్శకాల్లో మరో వర్గం ఉంది. ఇంతవరకూ కొట్టకపోయినా, త్వరలో కొట్టేసే ముప్పు ఉన్న అడవులకి కూడా నిధి ఇవ్వవచ్చు. కొట్టేస్తామని గ్రామసభ తీర్మానం చేసి పంపితే, కొట్టకుండా ఆపడానికి ఆయన డబ్బు మంజూరు చేస్తారు.

"కొట్టమని సెప్పాలాండీ?" అని అడిగింది నూకరత్నం.

"కొట్టెదమని చెప్పవలెను. అప్పుడు మేము వద్దందుము."

తిరుగు బస్సులో ఆవిడ నావైపు తిరిగి, "అన్నంత మాత్రాన ఏం పోతాదండీ? పాయ తవ్వించుకుందాం, అనేద్దాం," అంది.

అంత తేలికగా అవలేదు. చినమొగలో ఒక కట్టుబాటు ఉంది. మడ చెట్టు మీద ఎవరైనా కత్తి వేస్తే, రేవు దగ్గర నలుగురి ముందూ నిలబడి ఒప్పుకుని, ఊరందరికీ అన్నం, చేపల పులుసు వండి పెట్టాలి. ఊరికి పెద్దదిక్కయిన ఓలేటి పోలరాజు ఈ కట్టుబాటు విషయంలో మహా గట్టివాడు. గ్రామసభలో నేను తీర్మానం చదవగానే లేచి నిలబడ్డాడు.

"కొట్టినా తప్పే, కొడతానని నోటితో అన్నా తప్పే."

"ఉత్తినే అంటన్నాం సిన్నానా. పాయ కోసం," అంది నూకరత్నం.

"ఉత్తినే అన్నా అన్నట్టే కదమ్మీ. అనండి, నేను కాదన్ను. అన్నోళ్ళు మట్టుకు ఊరికి బువ్వెట్టాల."

నిధి కావాలంటే అందరూ చెయ్యెత్తాలి. చెయ్యెత్తినవాళ్ళందరూ అందరికీ వండి పెట్టాలి. చర్చ చాలాసేపు జరిగింది. చివరికి ఇంటికింత బియ్యం, ఇంటికింత చేప తెచ్చి, రేవు దగ్గర ఒకే గంగాళంలో వండుకుని, తామే పెట్టి తామే తిన్నారు. పోలరాజు కూడా చెయ్యెత్తాడు కాబట్టి ఆయన వంతు పులుసు కలపడం. నేను ఆ ఊరివాణ్ణి కాకపోయినా నాకూ విస్తరి వేశారు. పులుసు బ్రహ్మాండంగా ఉంది. జరిగినదంతా మినిట్స్ పుస్తకంలో వివరంగా రాసి జిల్లాకి పంపాను.

రాయకుండా ఉండాల్సింది. తిరుగు టపాలో జవాబు వచ్చింది. "అడవిని కొట్టివేయుదుమని తీర్మానించిన గ్రామస్థులు, తత్‌క్షణమే తమకు తామే జరిమానా విధించుకొని, సామూహికముగా అనుభవించినట్లు తెలియుచున్నది. ఇట్టి పశ్చాత్తాపం ముప్పు యొక్క విశ్వసనీయతకు భంగకరం. కావున ముప్పును స్వతంత్ర నిపుణునిచే మదింపు చేయించవలెను."

ఆ నిపుణుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. పేరు ప్రత్యూష్, చక్కటి కుర్రవాడు, తెల్లని బూట్లు. ఒక ఊరు ప్రకృతికి ఎంత ప్రమాదకరమో లెక్కకట్టి మార్కులు వెయ్యడం ఆయన వృత్తి. దాన్ని ముప్పు సూచిక అంటారు. బోటు దిగుతూనే ఒక బూటు బురదకి సమర్పించుకుని, రెండోదానితో ఇల్లిల్లూ తిరిగాడు.

"మీ ఇంట్లో గొడ్డళ్ళు ఎన్నున్నాయండీ?"

"గొడ్డలెందుకండీ మాకు? కొబ్బరికాయలు కొట్టే కత్తుంది. ఉండండి, బొండం కొడతాను," అనేది ప్రతి ఇంటి ఇల్లాలూ. పాపం, ఆయన అన్నిచోట్లా తాగాడు.

"కోపం వచ్చినప్పుడు అడవిని నరికెయ్యాలనిపిస్తుందా?" అని పోలరాజుని అడిగాడు.

"కోపమొత్తే మా ఆడోళ్ళ మీద అరుత్తాను బాబూ. ఆళ్ళు తిరిగి అరుత్తారు. అడివేం సేసింది?"

నూకరత్నం పక్కనుంచి సైగలు చేస్తూనే ఉంది. ఆవిడ ఒక్కతే తన వంతు ప్రయత్నం చేసింది. అడవంటే తనకి పరమ అసహ్యమనీ, తెల్లారి లేస్తే కొట్టెయ్యాలనే అనిపిస్తుందనీ చెప్పింది. చెబుతూనే, దారిలో అడ్డంగా వచ్చిన మడ కొమ్మని విరగకుండా చేత్తో పక్కకి వంచి, ఆయన దాటాక మెల్లగా వదిలింది. ప్రత్యూష్ అది చూసి రాసుకున్నాడు.

సాయంత్రం నా ఆఫీసులో కూర్చుని మార్కులు కూడాడు. మళ్ళీ కూడాడు. "రాష్ట్రమంతా తిరిగానండీ. ఇంత బలహీనమైన ముప్పుని ఎక్కడా చూడలేదు," అన్నాడు బెంగగా. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఊరి పరువు పోయినట్టే అనిపించింది.

కుర్రవాడు మంచివాడు, మమ్మల్ని వదిలెయ్యలేదు. ముప్పు తక్కువగా ఉన్న గ్రామాలకి సామర్థ్యం పెంచేందుకు నిధిలోనే ఒక శిక్షణా కార్యక్రమం ఉందనీ, దానికి మా పేరు సిఫార్సు చేస్తాననీ అన్నాడు. పరాంకుశం గారు వెంటనే ఆమోదించారు.

శిక్షణ పంచాయతీ ఆవరణలో షామియానా కింద జరిగింది. ఊళ్ళో ప్రతివాడికీ ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ సంచీ, నిధి ముద్ర వేసిన కొత్త గొడ్డలీ ఇచ్చారు. గొడ్డలి పిడి మీద 'వృక్షో రక్షతి' అని రాసి ఉంది. నేర్పడానికి అనుభవజ్ఞులు కావాలి కాబట్టి కొత్తరేవు నుంచి మనుషుల్ని పిలిపించారు. శిక్షణ సమయంలో చెట్లు కొడితే పర్యావరణానికి హాని కనుక, గాలిలో కొట్టించారు. "ఎత్తండి, వెయ్యండి!" అని మైకులో చెబుతుంటే ఊరు ఊరంతా వరసగా నిలబడి గాలిని నరికింది. పోలరాజుకి భుజం పట్టేసింది. పేపరువాళ్ళు ఫొటోలు తీసుకున్నారు.

నేర్పడానికి వచ్చినవాళ్ళలో లాజరు అని ఒకాయన ఉన్నాడు. భోజనాల దగ్గర మండపీత ఇగురు వడ్డిస్తే, ఆయన విస్తరి ముందు కాసేపు చెయ్యి పెట్టకుండా కూర్చున్నాడు.

"మా కాడ ఇయ్యి లేవమ్మా ఇప్పుడు. సెట్లు కొట్టాక రెండేళ్ళు రొయ్య బాగానే ఆడింది. తరవాత తెగులొచ్చింది. సెరువులెండిపోయాయి. ఇప్పుడు ఊరూరూ తిరిగి ఇలా పాఠాలు సెప్పుకుంటన్నాం," అన్నాడు నూకరత్నంతో.

"మిగిలిన సగం అడివన్నా బాగుందా అన్నా?"

"సగం ఉందనే కదమ్మా సొమ్ములిచ్చింది. సూడ్డానికి మా రేవుకి ఇంకా ఎవరూ రాలేదు."

నూకరత్నం ఇంకో గరిటెడు ఇగురు ఆయన విస్తట్లో వేసింది.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఆ పై రోజు అటవీశాఖ రేంజి ఆఫీసరు సింహాద్రి జీపు రేవు అవతలకి వచ్చి ఆగింది. శ్రీకాకుళం వైపు మనిషి, మీసం పెద్దది, మనసు మెత్తన. అడవిని కొట్టేస్తామన్న తీర్మానం నకలు, గొడ్డళ్ళు ఎత్తిన ఊరి ఫొటో చేత్తో పట్టుకుని వచ్చాడు. ఫొటోలో ముందు వరసలో ఉన్నది నూకరత్నం.

"ఏటమ్మా ఇది? నాను ఈ బీటుకొచ్చిన కాడ్నుంచి సూస్తన్నాను, ఒక పుల్ల ఇరవలేదు మీరు. ఇప్పుడేటి ఊరంతా గొడ్డళ్ళట్టుకున్నారు? కుట్ర కేసు రాయాల మరి," అన్నాడు బాధగా.

నూకరత్నాన్ని జీపు ఎక్కించుకుని రేంజి ఆఫీసుకి తీసుకెళ్ళాడు. నేను గాభరాపడి పరాంకుశం గారికి ఫోను చేశాను. ఆయన సంతోషం పట్టలేకపోయారు.

"కేసా! అధికారికమైన కేసా! సెక్రటరీ గారూ, ఇంతకన్న విశ్వసనీయమైన ముప్పు ఏముండును? నంబరు పంపండి. ఒక్కరిమీదనేనా? కొందరిని పెంచుటకు వీలగునా?"

ఈ మాట ఊళ్ళో తెలియగానే జనం బోట్లెక్కి రేంజి ఆఫీసుకి బయల్దేరారు. తమ మీద కూడా కేసు రాయమని వరసలో నిలబడ్డారు. పోలరాజు పట్టేసిన భుజంతోనే ముందు నిలబడ్డాడు. సింహాద్రి వరండాలోకి వచ్చి తల పట్టుకున్నాడు.

"కేసుల్ని పప్పుబెల్లాల్లాగ పంచమంటారేటి? నా కాడ కాయితాలే సాలవు. ఎల్లండి, ఎల్లండి."

పూచీకత్తు మీద నూకరత్నాన్ని ఆ సాయంత్రమే వదిలారు. బోటులో వస్తుంటే ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి ఆటపట్టించారు, ఆవిడ నవ్వలేదు. బోటు పాయ మొగ దగ్గరికి వచ్చేసరికి మేట మీద కుక్కలు పడుకుని ఉన్నాయి. అవతల లోపలి మడ ఆకు రాలుస్తోంది.

"సెక్రెట్రీ గారండీ, ఈళ్ళు మనం దొంగలవని నమ్మేసరికి అడివుండదేమోనండి," అంది. ఎప్పుడూ గట్టిగా మోగే గొంతు వణికింది.

కేసు నంబరు పంపాక మంజూరు ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో బాణాసంచా కాల్చబోయారు, అయితే పొగ వస్తే నిధి వెనక్కి పోతుందేమోనని భయపడి మానేశారు. నేను షరతులు చదివాను, నీరుగారిపోయాను. ఉన్నచోట ఉన్నట్టుగా అడవిని ఉంచడానికే నిధి. బురద తవ్వితే అందులో దాక్కున్న కార్బన్ గాలిలో కలుస్తుంది కనుక ఏ కాలువా తవ్వకూడదు, యంత్రాన్ని దగ్గరికి రానివ్వకూడదు. ఉన్నచోట ఉన్నట్టుగా ఉంచితే ఆ అడవి చచ్చిపోతుంది.

మళ్ళీ జిల్లా కేంద్రానికి వెళ్ళాం. ఈసారి మేం వెళ్ళేసరికి పరాంకుశం గారు లేచి ఎదురొచ్చారు. కేసున్న మనిషి కదా, నూకరత్నానికి కుర్చీ స్వయంగా లాగారు.

"పాయ తవ్వకపోతే అడివి సచ్చిపోద్ది బాబుగారూ."

"అట్లు చనిపోయినచో అది ప్రకృతి వైపరీత్యం. దానికి వేరొక విభాగం కలదు. మేము నరుకుటను మాత్రమే ఆపుదుము."

"మరి ఈ సొమ్ము దేనికి వాడుకోవాలండీ?"

"దృశ్యతకు," అన్నారు ఆయన, కళ్ళు మెరుస్తుండగా. "బోర్డులు. 'ఈ అడవి కొట్టబడకుండా నిధిచే ఆపబడినది' అని దిట్టమైన బోర్డులు. చూచినవారికి తెలియవలెను గదా."

నూకరత్నం లేవబోయి మళ్ళీ కూర్చుంది. కాసేపు గోడమీద కొత్తరేవు సర్పంచి ఫొటోకేసి చూసింది.

"బోర్డుకి పునాది తవ్వొచ్చాండీ?"

"అవశ్యం. పునాది లేని బోర్డు నిలుచునా?"

"మాది సముద్రం ఒడ్డండి. తుపాన్లండి. గట్టిగా లోతు తీయాలేమోనండి."

"తీయవలెను. మార్గదర్శకములలో పునాది లోతునకు పరిమితి లేదు."

"బోర్డు ఒకటైతే ఎవరికి కనపడుద్దండీ? పాయ మొగ కాడ్నించి లోపలి మడ దాకా వరసగా పెడితే..."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. ఆ వరస ఆయనకి కనిపించింది. "బారులు తీరిన బోర్డులు! విమానమునుండి కూడ కానవచ్చును!"

"మరి ఒక్కోదానికి ఒక్కో గొయ్యంటే పని సాగదండి."

"ఏల? అన్నింటికిని కలిపి ఒకే పునాది. నిరంతర పునాది! సెక్రటరీ గారూ, వ్రాసికొనుడు. ఈ పదము నాది."

రాసుకున్నాను. పారలతో తీస్తే నాణ్యత రాదని, యంత్రంతోనే తీయించాలని కూడా ఆయనే పట్టుబట్టారు. కాలువకి రాకూడని యంత్రం పునాదికి రావచ్చు. నేను తలెత్తలేదు, నవ్వు వస్తుందేమోనని పెన్ను గట్టిగా పట్టుకున్నాను.

పొక్లెయిన్ బల్లకట్టు లాంటి పంటు మీద వచ్చింది. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా మేట మీద మొదటి బొచ్చె వేసింది. నిరంతర పునాది పాయ దారినే పోయింది, ఎక్కడ వంపు తిరగాలో పోలరాజు చేత్తో చూపించాడు. అంచనాలో బోర్డుల వరస వంకరగా ఎందుకుందని జిల్లా ఇంజనీరు అడిగితే, అందం కోసమని రాశాను.

సముద్రం వైపు చివర కొంచెం మట్టికట్ట అడ్డం ఉంచారు. ప్రారంభోత్సవానికి పరాంకుశం గారు పొద్దున్నే రావలసింది, బోర్డుల రంగు ఆరలేదని మధ్యాహ్నానికి వచ్చారు. అప్పటికి పోటు ఎక్కుతోంది. సింహాద్రి కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పరాంకుశం గారు రిబ్బను కత్తిరించి, ప్రసంగం మొదలుపెట్టి, ఉద్గారముల గురించి రెండో వాక్యంలో ఉండగా మట్టికట్ట తనంతట తానే జారిపోయింది. సముద్రం పునాదిలోకి వచ్చింది.

ముందు సన్నగా వచ్చింది, తరవాత అరచేతులంత నురగ తేల్చుకుంటూ, ఎండుటాకుల్ని నెట్టుకుంటూ పోయింది. జనం దానితోపాటు గట్టు వెంట నడిచారు.

"నీరేమి? పునాదిలోనికి నీరేమి?" అని అరిచారు పరాంకుశం గారు. "పూడ్చుడు! వెంటనే మట్టి పోసి పూడ్చివేయుడు! బోర్డులెట్లు నిలుపుదుము?"

పొక్లెయిన్ డ్రైవరు ఇంజను వేశాడు. నూకరత్నం పరుగున వెళ్ళి బొచ్చె ముందు నిలబడింది. అప్పుడు సింహాద్రి మీసం సవరించుకుంటూ కదిలి వచ్చాడు.

"సారూ, పోటు నీరు పారీసోట మన్నేస్తే నేరవండి. నాను కేసు రాయాల. మన్నెయ్యమన్నోరి మీద రాయాల. పేరేటి రాయమంటారు?"

పరాంకుశం గారు ఆపమని డ్రైవరుకి చెయ్యి ఊపారు. ఇంజను ఆగిపోయింది. అడవి అడవని వందల ఫైళ్ళ మీద సంతకం పెట్టినాయన, అడవిలోకి నీళ్ళు వెళ్ళడం బహుశా అప్పుడే మొదటిసారి చూశారు. బూట్లు తడుస్తున్నా వెనక్కి జరగలేదు. నీరు పసుపుపచ్చని చెట్లదాకా చేరి, ఎండి పగిలిన బురద పగుళ్ళలోకి గుటకలు వేసినట్టు దిగుతుంటే, ఆయన తల ఒక పక్కకి వంచి ఆ చప్పుడు విన్నారు.

నూకరత్నం గట్టు మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. పరాంకుశం గారు కంగారుగా ఆవిడ దగ్గరికి వెళ్ళారు.

"ఊరుకొనుము తల్లీ. బోర్డులెక్కడికి పోవు. మరియొక చోట నిలుపుదుము," అని ఓదార్చారు. బోర్డుల కోసం ఇంతగా తల్లడిల్లే గ్రామాన్ని తన సర్వీసులో చూడలేదని దారి పొడుగునా నాతో అంటూనే ఉన్నారు.

బోర్డులు లేవు కాబట్టి లెక్కప్రకారం పథకం విఫలమైంది. జిల్లాలో విఫలమైన పథకాల్లో మాదే మొదటి పేరు. నాకు మెమో వచ్చింది: పునాదిలోనికి నీరు ఎందుకు చేరినది? పోటు వచ్చినందున అని జవాబు రాశాను. మరో మెమో వచ్చింది: పోటు రాకుండ ముందస్తు చర్యలు ఏల తీసికొనలేదు?

దీనికి జవాబు నాకు తట్టలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నూకరత్నం వచ్చింది. తడి బుట్ట గుమ్మంలో దించి, ఏంటని అడిగింది. చదివి వినిపించాను. ఆ రోజుల్లో ఆవిడ అంత నవ్వగా నేను చూడలేదు.

"ఇకమీదట రానివ్వమని రాసెయ్యండి."

అలాగే రాశాను. భవిష్యత్తులో పోటు రాకుండా పంచాయతీ తగు జాగ్రత్తలు తీసుకుంటుందని హామీ ఇచ్చి, ముద్ర వేసి పంపాను. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నందున ఫైలు మూసివేయడమైనదని జవాబు వచ్చింది. ఊళ్ళోవాళ్ళకి చదివి వినిపిద్దామని బయటికి వస్తే వీధిలో ఒక్కరూ లేరు. పోటు వేళ అయింది, ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ బుట్టలు పట్టుకుని పాయలో ఉన్నారు. నేనూ ఆఫీసుకి తాళం వేసి, పంచె ఎగగట్టుకుని అటే వెళ్ళాను.